పన్నుతో పాటు కండ కూడా పోతుంది

70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న వర్తింపజేసింది. కుటుంబంలోని పెద్దవాళ్లకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి ఖర్చు భరిస్తుంది. తెల్ల రేషన్ కార్డు లేని మధ్యతరగతి ఇళ్లకు ఇది పెద్ద ఊరట. గుండెకు స్టెంటు వేయాల్సి వచ్చినా, జారిపడి తుంటి ఎముక విరిగినా ఈ కార్డు పనికొస్తుంది.

అదే పెద్దాయనకు పళ్లు రాలిపోయి, అన్నం తప్ప ఏమీ నమలలేని పరిస్థితి వస్తే మాత్రం ఈ కార్డు మీద పళ్ల సెట్టు రాదు. పుచ్చిన పన్ను నింపడం, రూట్ కెనాల్, అరిగిన పళ్లకు వైద్యం వంటివి, ఆస్పత్రిలో చేర్చి చికిత్స చేయాల్సినంత జబ్బో గాయమో ఉంటే తప్ప, పథకం పరిధిలోకి రావని నిబంధనలే చెబుతున్నాయి. ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీల్లోనూ చాలావరకు ఇదే షరతు కనిపిస్తుంది.

పథకాలు రాసినవాళ్లనే అనడానికి లేదు. మన ఇళ్లలోనూ ఆలోచన ఇలాగే ఉంది. పళ్లంటే నవ్వినప్పుడు కనిపించే అందం, వయసైతే ఊడిపోయేవి, ‘ఈ వయసులో నాకెందుకురా పళ్లు’ అని పెద్దవాళ్లే కొట్టిపారేసే విషయం. వైద్యపరంగా ఈ లెక్క తప్పు. పన్ను పోయిందంటే దాని మీద ఆధారపడి పనిచేసే కండకు పని తగ్గిందని అర్థం. ఆ కండ పలచబడితే పళ్లెంలోకి వచ్చే తిండి మారుతుంది. తిండి మారితే కాళ్లూ చేతుల్లో ఉన్న కండ కూడా తరగడం మొదలవుతుంది. ఈ గొలుసులో చివరి లింకుకు మాత్రమే మనం డబ్బు ఖర్చు పెడుతున్నాం.

నాలుగు జతల కండరాలు

రెండు అరచేతులూ చెంపల వెనక, దవడ మూలల మీద పెట్టుకుని పళ్లు గట్టిగా బిగించండి. చేతుల కింద గట్టిపడి పైకి లేచేది మాసెటర్ కండరం. నమలడానికి వాడే కండరాల్లో బలమైనది ఇదే. ఇప్పుడు వేళ్లు కణతల మీదికి జరిపి మళ్లీ బిగించండి. అక్కడ కదిలేది టెంపొరాలిస్. దవడ లోపలివైపు మరో రెండు జతలున్నాయి. వాటిని టెరిగాయిడ్ కండరాలంటారు. వాటిలో ఒక జత మాసెటర్‌తో కలిసి నోరు మూస్తుంది. మరో జత దవడను ముందుకూ పక్కలకూ జరుపుతుంది. వేరుశనగ గింజ పిండి కావాలంటే పైకీ కిందికీ ఆడితే సరిపోదు, తిరగలిలా పక్కలకూ కదలాలి. ఆ కదలికంతా ఈ నాలుగు జతల పొందికతోనే సాధ్యం.

ఆ పొందికకు కావలసిన సమాచారం పళ్ల నుంచే వస్తుంది. పన్ను ఎముకలో దిగ్గొట్టిన మేకు కాదు. వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నటి నారల పొర ఉంటుంది. అందులోని నరాల కొనలు ఎంత ఒత్తిడి పడుతోందో, ఏ వైపు పడుతోందో మెదడుకు క్షణక్షణం చెబుతుంటాయి. అన్నంలో చిన్న రాయి తగలగానే దవడ టక్కున ఆగిపోవడం ఈ ఏర్పాటు వల్లే. పన్ను తీసేసిన చోట ఈ నారల పొర కూడా పోతుంది. ఎంత బలంగా నొక్కవచ్చో చెప్పేవాళ్లు లేకపోవడంతో కండరం జాగ్రత్తపడి తక్కువ బలం వాడటం మొదలుపెడుతుంది.

పళ్లు పోయాక జరిగే మార్పులు

కాలికి సిమెంటు కట్టు వేసి ఆరు వారాల తర్వాత విప్పితే పిక్క సన్నబడి కనిపిస్తుంది. పని లేని కండ తరిగిపోవడం శరీర ధర్మం. దవడ కండకూ ఇదే వర్తిస్తుంది. సీటీ స్కాన్‌తో కొలిచి చూసిన అధ్యయనాల్లో పళ్లన్నీ పోయినవారి మాసెటర్, లోపలి టెరిగాయిడ్ కండరాలు పళ్లున్నవారికంటే సన్నగా ఉన్నట్టు తేలింది. వయసు వల్ల కూడా ఈ కండ కొంత తగ్గుతుంది. కానీ పళ్లు లేకపోవడం ఆ తరుగుదలను పెంచుతుంది. రెండు మూడు సొంత పళ్ల వేర్లు మిగిల్చుకుని వాటిమీద సెట్టు పెట్టించుకున్నవారిలో కండ మెరుగ్గా నిలవడం కూడా పరిశోధకులు గమనించారు. ‘ఎలాగూ నాలుగే మిగిలాయి, అన్నీ పీకించేద్దాం’ అనుకునేవారు ఈ విషయం ఒకసారి ఆలోచించాలి.

కండతో పాటు ఎముకా తరుగుతుంది. పన్ను తీసిన తర్వాత ఆ చోట దవడ గట్టు కుంచించుకుపోతుంది. మొదటి ఏడాదిలో ఈ తరుగుదల ఎక్కువ. తర్వాత నెమ్మదించినా ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. దీర్ఘకాలం గమనించిన అధ్యయనాల్లో కింది దవడ గట్టు పై దవడకంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా తరిగింది. కింది పళ్ల సెట్టు నిలవక కదులుతోందని ఎక్కువమంది చెప్పడానికి కారణం ఇదే.

ఎముక తగ్గేకొద్దీ ముఖం కింది భాగం ఎత్తు తగ్గుతుంది. గడ్డం ముక్కుకు దగ్గరవుతుంది, పెదవులు లోపలికి పోతాయి. ‘మనిషి దవడలు పీక్కుపోయాడు’ అని మనం అనేదాంట్లో కండ తరగడం, ఎముక తరగడం రెండూ ఉన్నాయి.

పళ్లెంలో ఏం మారుతుంది?

పళ్లు తగ్గగానే వంటింట్లో మెనూ మారిపోతుంది. జొన్నరొట్టె ఆగిపోతుంది. జామకాయ, క్యారట్, పల్లీలు, మొలకెత్తిన పెసలు పక్కకు పోతాయి. మాంసాహారులైతే కోడికూర ముక్క వదిలేసి పులుసు మాత్రం కలుపుకుంటారు. మిగిలేది ఇడ్లీ, ఉప్మా, చారన్నం, పెరుగన్నం, పాలలో నానబెట్టిన బన్ను. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే మెత్తగా చేసిపెడతారు. కానీ ఆ మెత్తదనంలో పిండిపదార్థం పెరిగి, మాంసకృత్తులూ పీచూ తగ్గిపోతాయి.

దీని ఫలితం రెండు రకాలుగా కనిపిస్తుంది. కొందరు చిక్కిపోతారు. కొందరు బరువు తగ్గకపోవచ్చు, పెరగవచ్చు కూడా. కానీ ఒంట్లో కండ తగ్గి ఆ చోట కొవ్వు చేరుతుంది. చూడటానికి బాగానే ఉన్నారనిపిస్తుంది కాబట్టి ఈ రెండో రకాన్ని ఎవరూ పట్టించుకోరు.

మధుమేహం ఉన్న ఇళ్లలో ఇది మరింత ముఖ్యం. మెత్తగా ఉడికిన అన్నం, జావ త్వరగా అరిగి చక్కెరను ఒక్కసారిగా పెంచుతాయి. మరోవైపు నమలలేక సగం తిని లేచినరోజు కూడా మాత్రలూ ఇన్సులిన్ మోతాదూ పాతవే ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ప్రభుత్వాస్పత్రి మెడిసిన్ వార్డుకు ఒళ్లంతా చెమటలు పట్టి, స్పృహ తప్పి వచ్చే వృద్ధుల్లో ఇలాంటివారూ ఉంటారు. పైగా మధుమేహానికీ చిగుళ్ల జబ్బుకూ సంబంధం రెండువైపులా ఉంది. అదుపులో లేని చక్కెర చిగుళ్లను దెబ్బతీస్తుంది. చిగుళ్లలో ఇన్‌ఫెక్షన్ ఉంటే చక్కెర అదుపులోకి రావడం కష్టమవుతుంది.

సరిగా నమలని ముద్ద మింగేటప్పుడు పొలమారే అవకాశమూ ఎక్కువే. పక్షవాతం వచ్చినవారిలో, మతిమరుపు జబ్బు ఉన్నవారిలో ఆ ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీయవచ్చు.

ఒంటి కండకూ నోటికీ లింకు

వయసుతో కండ, బలం తగ్గిపోయే స్థితిని సార్కోపీనియా అంటారు. అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో ఈ పేరు ప్రతిపాదించారు. కింద పడటం, ఎముకలు విరగడం, ఆస్పత్రిలో చేరాక కోలుకోకపోవడం, ఇతరుల మీద ఆధారపడటం వంటివి దీనితో ముడిపడి ఉన్నాయి. పళ్లు తక్కువున్న వృద్ధుల్లో, నమిలే బలం తక్కువున్నవారిలో సార్కోపీనియా ఎక్కువగా కనిపిస్తోందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకదానివల్లే రెండోది వచ్చిందని తేల్చకూడదు. పొగాకు, మధుమేహం, పేదరికం పళ్లనూ కండనూ రెండింటినీ తినేస్తాయి. ఒంట్లో కండ తరిగే మనిషికి దవడ కండ కూడా తరుగుతుంది. అంటే దారి రెండువైపులా ఉంది. మతిమరుపు విషయంలోనూ అంతే. పళ్లు పోయినవారిలో అది ఎక్కువగా కనిపిస్తున్నా, పళ్లు కట్టించుకుంటే మతిమరుపు రాదని చెప్పడానికి ఆధారాలు చాలవు. అలా చెప్పి ఖరీదైన ఇంప్లాంట్లు అమ్మేవారిని నమ్మొద్దు. నమలలేకపోవడం తిండిని కుదిస్తుందన్నది మాత్రం వాదన అవసరం లేని సంగతి. చర్య తీసుకోవడానికి అదొక్కటి చాలు.

కట్టుడు పళ్లు ఎంతవరకు?

పళ్లన్నీ పోయి పూర్తి సెట్టు వాడేవారు కొరికే బలం, సొంత పళ్లున్నవారి బలంలో నాలుగో వంతో అయిదో వంతో ఉంటుంది. అదే ముద్దను నలపడానికి ఎక్కువసార్లు నమలాల్సి వస్తుంది. కాబట్టి సెట్టు పెట్టిన వారంలోనే జంతికలు తినేయాలని ఆశించకూడదు. మొదట మెత్తటివి, తర్వాత చిన్న ముక్కలుగా కోసినవి, రెండు వైపులా సమంగా నములుతూ నెమ్మదిగా అలవాటు చేసుకోవాలి. చాలామంది తొలి రెండు వారాల ఇబ్బందికే విసిగి సెట్టును గ్లాసులో పడేస్తారు. ఒరుసుకుంటున్న చోట సరిచేయడం వైద్యంలో భాగమే. దానికోసం రెండు మూడుసార్లు డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే.

కింది సెట్టు అసలు నిలవనివారికి రెండు ఇంప్లాంట్లు వేసి వాటిమీద సెట్టును బిగించే పద్ధతి ఉంది. కింది పళ్లన్నీ పోయినవారికి మొదట ఆలోచించాల్సిన చికిత్స ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు సూచించారు. నోటినిండా ఇంప్లాంట్లు వేయించుకునే ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువ. అందరికీ ఇది అవసరం లేదు, అందరికీ కుదరదు కూడా. సొంత పళ్లు కొన్ని మిగిలి ఉంటే తీసిపెట్టుకునే పాక్షిక సెట్టు, బ్రిడ్జి కూడా మంచి దారులే.

సెట్టు పెట్టగానే తిండి దానంతటదే బాగుపడదు. అయిదేళ్లు పెరుగన్నంతో గడిపిన మనిషికి అదే అలవాటవుతుంది. కొత్త పళ్లతో పాటు ఏం తినాలో కూర్చోబెట్టి చెప్పినప్పుడే పళ్లూ కూరగాయలూ తినడం పెరిగినట్టు పరిశోధనల్లో కనిపించింది.

జపాన్ ఏం చేసింది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 23 శాతం మందికి ఒక్క పన్నూ లేదు. ఇది వయసు తప్పక తెచ్చే కష్టమైతే జనాభాలో వృద్ధుల వాటా చాలా ఎక్కువగా ఉన్న జపాన్‌లో పరిస్థితి ఘోరంగా ఉండాలి. అక్కడ జరిగింది వేరు. 80 ఏళ్ల వయసులో 20 సొంత పళ్లు ఉండాలన్న లక్ష్యంతో ‘8020’ ఉద్యమాన్ని 1989లో ప్రారంభించారు. 20 పళ్లుంటే దాదాపు అన్ని రకాల ఆహారం సొంతంగా నమలవచ్చన్నది ఆ లెక్క. అప్పట్లో ఆ వయసువారిలో సుమారు పదిమందిలో ఒకరికే అన్ని పళ్లు ఉండేవి. 2016 సర్వే నాటికి ఆ వాటా సగం దాటింది.

అక్కడ పళ్ల వైద్యం, సాధారణ పళ్ల సెట్లు ప్రభుత్వ ఆరోగ్య బీమాలోనే ఉన్నాయి. 2018లో మరో అడుగు వేశారు. కొరికే బలం, నాలుక ఒత్తిడి, నమిలే సామర్థ్యం, మింగే శక్తి వంటివి కొలిచి, నోటి పనితీరు తగ్గడాన్నే ఒక జబ్బుగా గుర్తించి బీమాలో చేర్చారు. అంటే ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి ఊరుకోలేదు, నోటి కండ ఎంత పనిచేస్తోందో కూడా కొలుస్తున్నారు.

మన దగ్గర కాగితం మీద ఉన్నది

మన దేశంలో ఏమీ లేదనడం సరికాదు. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014లో మొదలైంది. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్లజోడు, చక్రాల కుర్చీలతో పాటు కట్టుడు పళ్లు కూడా ఉన్నాయి. కానీ అది పేద వృద్ధుల కోసం ఉద్దేశించింది. చేతికర్రను శిబిరంలో అక్కడికక్కడే ఇచ్చేయవచ్చు. పళ్ల సెట్టుకు కొలత తీసుకోవాలి, అచ్చు పోయాలి, సరిచూడాలి, మళ్లీ పిలవాలి. శిబిరాల పద్ధతికి ఇది ఇమడదు. పింఛను వచ్చే మధ్యతరగతి పెద్దవాళ్లు ఈ పథకంలోకి రారు, ఆయుష్మాన్ కార్డులో పళ్లు రావు. మధ్యలో మిగిలిపోయారు.

దేశంలో 300కు పైగా దంతవైద్య కళాశాలలున్నాయి. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంత కళాశాలలున్నాయి. అంటే చేతులకు కొదవ లేదు. లేనిది డబ్బు కట్టే ఏర్పాటు, పంపించే దారి. మూడు పనులు చేయవచ్చు. 70 దాటినవారి కార్డులో కొన్నేళ్లకొకసారి ఒక సాధారణ పళ్ల సెట్టుకూ, దాని సరిచేతలకూ చోటివ్వాలి. దంత కళాశాలలను ఇందుకు ఎంప్యానెల్ చేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు చూసే రోజునే నోరు కూడా చూడాలి. బరువు తగ్గుతున్నారని వచ్చిన పెద్దవాళ్లకు థైరాయిడ్, టీబీ, క్యాన్సర్ పరీక్షలు రాస్తారు. అవి అవసరమే. టార్చిలైటుతో నోట్లోకి చూడటానికి మాత్రం పైసా ఖర్చు లేదు, కేసు షీటులో దానికి ఒక గడి ఉంటే చాలు.

ఇంట్లో చేయగలిగినవి

ప్రభుత్వం మారేదాకా ఆగనక్కర్లేదు. ఇంట్లో అమ్మానాన్నలనో, అత్తమామలనో ఈ వారం నాలుగు విషయాలు అడగండి. గట్టివని తినడం మానేసినవి ఏమైనా ఉన్నాయా? ఒకవైపే నములుతున్నారా? భోజనానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతోందా? తరచూ పొలమారుతోందా? ఒక్కదానికి అవునన్నా పళ్ల డాక్టరుకు చూపించాలి.

ఒంటి కండ చూడటానికీ తేలికైన పరీక్ష ఉంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కన ఒకరు నిలబడాలి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండ బలం తగ్గి ఉండవచ్చు. పిక్క చుట్టుకొలత మగవారికి 34, ఆడవారికి 33 సెంటీమీటర్లకు తగ్గినా అనుమానించాలి. ఆసియా నిపుణుల బృందం 2019లో సూచించిన కొలతలివి.

* పన్ను పీకించడం చివరి మార్గం కావాలి. నింపడంతోనో, రూట్ కెనాల్‌తోనో నిలబెట్టగల పన్నును నిలబెట్టుకోండి. తీయక తప్పకపోతే ఆ ఖాళీని ఏళ్ల తరబడి వదిలేయకండి.

* రక్తం పలచబడే మందులు వాడేవారు పన్ను తీయించడానికి సొంతంగా వాటిని ఆపొద్దు. ఎముకలు గుల్లబారినందుకో, క్యాన్సర్‌కో జోలెడ్రోనిక్ యాసిడ్ వంటి ఇంజెక్షన్లు తీసుకున్నవారు ఆ సంగతి పళ్ల డాక్టరుకు ముందే చెప్పాలి.

* మెత్తగా పెట్టాల్సి వస్తే మాంసకృత్తులు తగ్గకుండా చూడండి. గట్టి పప్పు, గుడ్డు, పనీరు, ముళ్లు తీసిన చేప, ఖీమా, పల్లీల పొడి, పెసరట్టు అన్నీ మెత్తగానే ఉంటాయి. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు పెద్దవయసువారికి మేలని పలు నిపుణ బృందాలు చెబుతున్నాయి. కిడ్నీ జబ్బున్నవారు డాక్టరును అడిగే పెంచాలి.

* నమలగలిగినవాటిని మిక్సీలో వేయకండి. కూరగాయలు చిన్న ముక్కలుగా కోసి, ఉడికించి పెడితే దవడకు పని ఉంటుంది.

* సెట్టును రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి, నీళ్లలో ఉంచాలి. ఏడాదికోసారి చూపించుకోవాలి. నోట్లో పుండు రెండు వారాల్లో మానకపోతే నొప్పి లేకపోయినా వెంటనే చూపించాలి.

* పెద్దవాళ్ల పళ్లు కాపాడటం నలభైల్లోనే మొదలవ్వాలి. గుట్కా, ఖైనీ, సిగరెట్ మానడం, రాత్రి పడుకునేముందు బ్రష్ చేయడం, చిగుళ్ల నుంచి రక్తం కారితే నిర్లక్ష్యం చేయకపోవడం ఇప్పుడు మన చేతిలో ఉన్నవి.

కళ్లు కనిపించకపోతే శుక్లాల ఆపరేషన్ చేయించకుండా ఊరుకునే కొడుకూ కూతురూ నేడు అరుదు. ఒకప్పుడు అదీ ‘వయసైంది కదా’ అని వదిలేసిన బాధే. ప్రభుత్వం ఖర్చు భరించడం, ఇంట్లోవాళ్లు పట్టుబట్టి తీసుకెళ్లడం కలిస్తే ఆ మాట పాతబడింది. నమలలేకపోవడం విషయంలోనూ అదే జరగాలి.